మన బెంగళూరు నాగరత్నమ్మ

ఈసారి గోడపత్రికకి అంశం సానుకూల దృక్పథం అని బోర్డు మీద చూడగానే, నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. ఈ మాట నేను మూడు భాషల్లో విని విని ఉన్నాను. మా ఇంట్లో నాన్నవైపు కన్నడ, అమ్మవైపు తెలుగు, చుట్టాలు ఫోన్లో మాట్లాడేది సగం ఇంగ్లీషు. 2020లో కరోనా వచ్చి నాన్న షాపు మూతబడినప్పుడు అన్నిటికన్నా ముందు ఆగింది నా పాటల క్లాసు. అప్పటికి ఏడేళ్ళుగా నేర్చుకుంటున్నాను. వర్ణాలు అయిపోయి కీర్తనల్లోకి వచ్చిన రోజులు. ఫీజు కట్టలేమని నాన్న నోటితో చెప్పలేదు, నాకే అర్థమైంది. ఆ ఏడాది ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ పాజిటివ్‌గా ఉండమనే చెప్పారు. పాజిటివ్‌గా ఉంటే క్లాసు మళ్ళీ మొదలవుతుందా అని అడగబుద్ధేసేది. పెద్దవాళ్ళు కదా, అడగలేదు.

పోయినేడు ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళాను. అక్కడ మా బాధలన్నీ ఒక చీటీ మీద రాసి, చించి, డబ్బాలో వెయ్యమన్నారు. అందరూ చించారు, చప్పట్లు కొట్టారు. నేను పాట అని ఒక్క మాట రాసి, మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను. పాట నా బాధ కాదు కదా, అది ఆగిపోవడం బాధ. దాన్నెట్లా చించేది?

అందుకే ఈ అంశం మీద నేను రాయను అనుకున్నాను. కానీ ఈ సెమిస్టర్‌లో మన కవయిత్రుల పాఠంలో ముద్దుపళని పేరు వచ్చింది. ఆవిడ రాసిన రాధికా సాంత్వనం పూర్తి పాఠాన్ని మొదటిసారి అచ్చు వేయించింది ఎవరా అని చూస్తే బెంగళూరు నాగరత్నమ్మ అని ఉంది. మన ఊరు! మనం బస్సుల్లో తిరిగే ఈ ఊరి పేరే ఇంటిపేరులాగా పెట్టుకున్న మనిషి. అక్కడ్నించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. ఆ చదివిందే ఇది.

నాగరత్నమ్మ పుట్టింది మైసూరు దగ్గర నంజనగూడులో, 1878 నవంబరు 3న. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కుటుంబం మనిషి. తండ్రి సుబ్బారావు అనే వకీలు. ఆయన తల్లినీ బిడ్డనీ వదిలేశాడు. తర్వాత మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే సంస్కృత పండితుడు ఆ పిల్లకి చదువు చెప్పాడు. పిల్లేమో గబగబా నేర్చేసుకుంది. సంస్కృతం, సంగీతం, భాషలు అన్నీ. అంత బాగా నేర్చుకోవడమే తప్పయిపోయింది కాబోలు, ఆ పండితుడికి మనసు మారింది. చదువు ఆపేశాడు. ఈ పిల్ల చివరికి వీధుల్లో పేడ ఎత్తుకుని బతుకుతుందని అన్నాడట. ఆ మాట పట్టుకుని తల్లి, బిడ్డని పెద్ద విదుషిని చేశాకే మళ్ళీ మైసూరు గడప తొక్కుతానని ఊరు వదిలిందని ఆవిడ జీవితం రాసినవాళ్ళు చెప్తారు.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే మనకి తెలిసిన పాజిటివ్ కథల్లో తల్లి బిడ్డని దగ్గరికి తీసుకుని, ఆయన మాట మర్చిపో అని చెప్పాలి. పుట్టలక్ష్మి మర్చిపోమని చెప్పలేదు. తనూ మర్చిపోలేదు. ఆ కోపాన్ని మూటకట్టుకుని తిరిగింది, కానీ ఆ మూట మీద కూర్చుని ఏడవలేదు. గురువుల్ని వెతికింది. చివరికి బెంగళూరు చేరి, మునుస్వామప్ప దగ్గర పిల్లకి సంగీతం చెప్పించింది. ఆయన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్ శిష్యుడు. ఆ వాలాజాపేట వాళ్ళ పరంపర నేరుగా త్యాగరాజస్వామి దాకా వెళ్తుంది. పిల్ల పాటతో పాటు వయొలిన్, నాట్యం కూడా నేర్చుకుంది. అంటే త్యాగయ్య కీర్తనలు నాగరత్నమ్మ చెవిన పడింది మన ఊళ్ళోనే. ఈ సంగతి తెలిసి నాకు చాలా గర్వంగా అనిపించింది, నేనేదో చేసినట్టు.

ఇంకా పద్నాలుగేళ్ళు ఉండగానే తల్లి చనిపోయింది. అప్పటికి నాగరత్నం అరంగేట్రం చేసే వయసు. తండ్రి లేడు, తల్లి పోయింది, పేడ ఎత్తుకుంటావన్న మాట ఒకటి మిగిలింది. అయినా పాడింది. కొన్నాళ్ళకే మైసూరులో, ఏ ఊరు వదిలి తల్లి వచ్చేసిందో ఆ ఊళ్ళోనే, పేరు తెచ్చుకుంది. తల్లి శపథం తీరింది, చూడ్డానికి తల్లి లేదు.

మనలో హనుమంతనగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి మౌంట్ జాయ్ తెలిసే ఉంటుంది. కుమారస్వామి గుడి ఉన్న గుట్ట. దానికి నరహరిరాయన గుడ్డ అని ఇంకో పేరుంది. ఆ నరహరిరావు మైసూరు చీఫ్ కోర్టులో జడ్జి, నాగరత్నమ్మని ఆదరించిన పెద్దమనిషి. వాళ్ళిద్దరూ సాయంత్రాలు గడిపిన చోటు కాబట్టి ఆ గుట్టకి ఆనందం అనే అర్థం వచ్చే ఆ ఇంగ్లీషు పేరు వచ్చిందని చెప్తారు. నేను ఆ రోడ్డున కొన్ని వందలసార్లు వెళ్ళుంటాను. ఎప్పుడూ ఆ పేరేంటని అడగలేదు.

తర్వాత ఆవిడ మద్రాసు వెళ్ళిపోయారు. (ఇక్కడ్నించి చేశారు, వెళ్ళారు అనే రాస్తాను. చిన్నపిల్లగా ఉన్నంతవరకే చేసింది అని రాయబుద్ధయింది.) అప్పటి జార్జ్‌టౌన్ అంటే సంగీతానికి పుట్టిల్లు. వీణ ధనమ్మాళ్ ఉన్నది కూడా అక్కడే. నాగరత్నమ్మ కచేరీలు చేశారు, హరికథలు చెప్పారు, ఊరూరూ తిరిగారు, సొంతంగా బాగా సంపాదించారు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి తన గొంతుతో సంపాదించి తన పేరు మీద ఆస్తి పెట్టుకోవడం ఎంత పెద్ద విషయమో మన అమ్మమ్మలని అడిగితే తెలుస్తుంది. మా అమ్మమ్మకైతే యాభై ఏళ్ళు వచ్చేదాకా బ్యాంకు అకౌంటే లేదు.

ఇక పుస్తకం సంగతి. తంజావూరు సాహిత్యం గురించి చదువుతుంటే నాగరత్నమ్మకి ముద్దుపళని పేరు తగిలింది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. రాధికా సాంత్వనంలో రాధ తానే పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసి, ఆ తర్వాత భరించలేక కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెని బతిమాలుకోవాలి. అదీ కథ. 1887లో పైడిపాటి వెంకటనరసు దాన్ని అచ్చు వేయించారు కానీ, పీఠిక తీసేశారు, కొన్ని పద్యాలు వదిలేశారు. ఆ పీఠికలో ఏముందో తెలుసా? ముద్దుపళని తన వంశం చెప్పుకుంది. మన కావ్యాల్లో కవులు తాత పేరు, తండ్రి పేరు చెప్పుకుంటారు కదా, ఈవిడ తన నాయనమ్మ తంజనాయకి దగ్గర్నుంచి ఆడవాళ్ళ వరసలో చెప్పుకుంది. అచ్చులో పోయింది సరిగ్గా అదే.

నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తీసేసినవన్నీ తిరిగి చేర్చి, ముందుమాట రాసి 1910లో వావిళ్ళ వారి చేత ప్రచురింపజేశారు. అప్పటికి ఆవిడకి దాదాపు 32 ఏళ్ళు. ఆ ముందుమాటలో కందుకూరి వీరేశలింగం పంతులుగారితోనే వాదం పెట్టుకున్నారు! పంతులుగారు తన కవుల చరిత్రలో ముద్దుపళనిని చాలా కటువుగా తీసిపారేశారు. ఆడది అయ్యుండి ఇలాంటి శృంగారం రాయడమా అన్నది ఆయన అభ్యంతరం. సిగ్గు ఆడవాళ్ళకి మాత్రమేనా అని నాగరత్నమ్మ నిలదీశారు. మగ కవులు ఇంతకన్నా ఎక్కువ రాసిన కావ్యాలు పాఠ్యపుస్తకాలుగా ఎట్లా పనికొచ్చాయని కూడా అడిగారు. వీరేశలింగంగారంటే నాకు గౌరవమే, ఆయన లేకపోతే మనలో చాలామంది ఈ క్లాసులో కూర్చుని ఉండేవాళ్ళం కాదు. అయినా ఈ ఒక్క విషయంలో నేను నాగరత్నమ్మ పక్షమే. మేడమ్ ఒప్పుకోకపోతే వైవాలో మాట్లాడుకుంటాం.

1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని తేల్చింది. మద్రాసు పోలీసు కమిషనరు మనుషులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు. వావిళ్ళ వారి ఇతర కావ్యాలు కూడా కొన్ని ఇరుక్కున్నాయి. పండితులు అర్జీలు పెట్టారు, ఫలితం లేదు. నిషేధం ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాకే, అంటే 1946-47 నాటికి. లెక్క వేస్తే 35 ఏళ్ళ పైమాట. దాదాపు 32 ఏళ్ళకి వేసిన పుస్తకానికి దాదాపు 68 ఏళ్ళు వచ్చాక అనుమతి. ఈ లెక్క నేను మూడుసార్లు వేసుకున్నాను. మూడు వారాలు రిజల్ట్ ఆలస్యమైతేనే మనం ప్రపంచం మునిగిపోయినట్టు గ్రూపులో మెసేజులు పెడతాం.

ఆ 35 ఏళ్ళూ ఆవిడ పుస్తకం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఇంకో పెద్ద పని నెత్తికెత్తుకున్నారు.

త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో కావేరి ఒడ్డున సిద్ధిపొందారు. ఆ సమాధి పాడుబడి, చుట్టూ పిచ్చిమొక్కలు పెరిగి, పట్టించుకునే దిక్కులేకుండా ఉందని మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప నాగరత్నమ్మకి తెలియజేశారు. అది 1921 నాటి మాట. ఆవిడ వెళ్ళి చూశారు. ఆ నేల సంపాదించి, శుభ్రం చేయించి, గుడి కట్టడం మొదలుపెట్టారు. డబ్బు చాలక నగలు అమ్మారు. 1926 నాటికి గుడి పూర్తయింది, త్యాగరాజస్వామి విగ్రహం ప్రతిష్ఠించారు, పూజకి ఏర్పాట్లు చేశారు.

ఇప్పుడు మీకు అసలు విషయం చెప్తాను. గుడి కట్టింది ఆవిడ. డబ్బు ఆవిడది. కానీ పుష్య బహుళ పంచమి ఆరాధన రోజున అక్కడ పాడే హక్కు ఆవిడకి లేదు. ఆరాధన చేసేవాళ్ళు అప్పటికే పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండు ముఠాలుగా ఉన్నారు. వాళ్ళలో వాళ్ళకి పడదు కానీ, ఆడవాళ్ళు పాడకూడదనే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. నాదస్వరం వాళ్ళకి కూడా సమానమైన చోటు లేదు.

ఆ చోట నేనుంటే ఏం చేసేదాన్నా అని ఆలోచించాను. అలిగి బెంగళూరు వచ్చేసేదాన్ని. లేదంటే, పోనీలే, గుడి కట్టాను కదా, అదే చాలు, పాజిటివ్‌గా ఉందాం అని ఒక మూల కూర్చునేదాన్ని. ఆవిడ ఈ రెండూ చెయ్యలేదు. 1927లో తోటి దేవదాసీ గాయనులని పిలిచి మూడో పక్షం పెట్టారు. దాని పేరే పెణ్‌గళ్ కట్చి, అంటే ఆడవాళ్ళ పక్షం. ముందువైపు పాడనివ్వరు కాబట్టి గుడి వెనకవైపు కూర్చుని ఆరాధన జరిపారు. ఆ వెనకవైపే పాటలు, హరికథలు. అధికారులకి అర్జీలు పెట్టడం కూడా మానలేదు. అంటే వెనక కూర్చోవడానికి ఒప్పుకుని సర్దుకుపోలేదన్నమాట. ముందుకి రావాలనే వాదం వాదంగానే ఉంది. ఈలోపు పాట మాత్రం ఒక్క ఏడాది కూడా ఆగకూడదు.

నాకు ఈ వెనకవైపు సంగతి చదివినప్పట్నుంచీ మనసులోంచి పోవట్లేదు. అదే స్థలం, అదే గోడ. అవమానం జరిగిన చోటు అనుకుంటే అది అవమానమే. ఆవిడ దాన్ని ఆడవాళ్ళు ఏటా కలిసి పాడుకునే చోటు చేసేశారు. జరిగిన అన్యాయం మారలేదు, ఆ రోజుని ఆవిడ బతికిన తీరు మారింది. సానుకూల దృక్పథం అంటే ఇదే అయితే నాకు అభ్యంతరం లేదు. నవ్వుతూ ఉండమని చెప్పడం వేరు, ఉన్న చోటే కూర్చుని శ్రుతి పెట్టుకోవడం వేరు.

పదమూడేళ్ళు అలా గడిచాయి. 1940లో మూడు పక్షాలూ కలిశాయి. ఆడవాళ్ళు కూడా అందరితో సమానంగా త్యాగరాజ సన్నిధిలో పాడటం మొదలైంది. ఇవాళ జనవరిలో టీవీలో పంచరత్న కీర్తనల గోష్ఠి చూపిస్తారు కదా, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని పాడేది, అక్కడ ఆడవాళ్ళ వరస ఉండటం వెనక ఈ కథంతా ఉంది. మా ఇంట్లో ప్రతి ఏడూ చూస్తాం. నాకు తెలీకుండానే చూశాను.

ఆవిడ చేసినవన్నీ నాకు నచ్చాయని చెప్పను. 1927 ప్రాంతంలోనే డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ పద్ధతిని రద్దు చెయ్యాలని మద్రాసు శాసనమండలిలో పోరాడారు. ముత్తులక్ష్మిగారి తల్లి కూడా ఆ కులం నుంచి వచ్చినావిడే. నాగరత్నమ్మ దేవదాసీల సంఘం అధ్యక్షురాలిగా ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించారు. చదువు, సంగీతం, ఆస్తిహక్కు మాకు ఇందులోనే వచ్చాయి, మమ్మల్నందర్నీ ఒకే గాటన కట్టి అవమానించొద్దు అన్నది వాళ్ళ వాదన. ఆవిడ వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. కానీ నాగరత్నమ్మంత గొంతు, తెలివి లేని చిన్నపిల్లల సంగతేంటి? వాళ్ళకి ఆ చట్టం కావాల్సిందే అనిపిస్తుంది నాకు. ఎంత ధైర్యం ఉన్న మనిషికైనా తను నెగ్గుకొచ్చిన దారిలో అందరూ నెగ్గుకొస్తారనే నమ్మకం ఉంటుందేమో. ఇది నా ఊహ మాత్రమే. క్లాసులో మా బెంచీలో దీని మీద ఒక గంట గొడవ జరిగింది, ఇంకా తేలలేదు.

చివరి సంవత్సరాల్లో ఆవిడ తిరువయ్యారులోనే ఉండిపోయారు. మద్రాసులో ఇల్లు, కచేరీలు, పేరు అన్నీ వదిలి ఒక సమాధి పక్కన మామూలు జీవితం. త్యాగరాజస్వామి మీద సంస్కృతంలో అష్టోత్తర నామావళి రాశారు. 1949లో వీలునామా రాస్తూ తనకున్న ఆస్తి అంతా ఆ గుడికీ ఆరాధనకీ చెందేట్టు పెట్టారు. అందులో ఒక షరతు పెట్టడం మర్చిపోలేదు: ఆడవాళ్ళు, దేవదాసీ కుటుంబాల వాళ్ళతో సహా, అక్కడ ఎప్పటికీ పాడొచ్చు, ఎవరూ అడ్డుకోకూడదు. నిషేధం పోయిన రాధికా సాంత్వనాన్ని వావిళ్ళ వారు 1952లో మళ్ళీ అచ్చు వేశారు. ఆ ఏడాదే మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు. 73 ఏళ్ళు. త్యాగరాజ సన్నిధికి దగ్గర్లోనే ఆవిడకీ సమాధి కట్టారు. అక్కడ ఆవిడ విగ్రహం చేతులు జోడించి ఆయన వైపే చూస్తూ ఉంటుంది.

ఇదంతా చదివాక పోయిన ఆదివారం అమ్మమ్మని తీసుకుని మౌంట్ జాయ్ ఎక్కాను. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో రెండుసార్లు కూర్చుంది పాపం. పైన గాలి బాగా వీస్తోంది. కింద బసవనగుడి వైపు చెట్లు, ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులు కనిపిస్తున్నాయి. నాగరత్నమ్మ కథ చెప్పాను. అమ్మమ్మ అంతా విని, ఇక్కడిదాకా తీసుకొచ్చి కథేనా, పాట లేదా అంది. నాలుగేళ్ళ పైన అయిపోయింది నేను గొంతు విప్పి. నేర్చుకున్న చివరి త్యాగరాజ కీర్తన మొదలుపెట్టాను. పల్లవి వచ్చింది, అనుపల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది. రెండోది ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మొదటి చరణమే రెండుసార్లు పాడేశాను. అమ్మమ్మ కనిపెట్టింది కానీ ఏమీ అనలేదు.

దిగేటప్పుడు మాత్రం పాటల నోట్‌బుక్ ఎక్కడ పెట్టావే అని అడిగింది. అటక మీద, నాన్న షాపు సామాన్ల అట్టపెట్టెలో ఉంది. ఈ వారం దింపాలి.